మాటల అతుకులు, పొలముల పేర్లు



నేడు నేను చెప్పబూనిన విషయము వినుటకు కొంత వింతగా తోచవచ్చును. రెండు మాటలు కలిసి ఒక మాట యగునప్పుడు ఆ అతుకు ఎట్లు తెలియును? ఆ అతుకు చెడినచో నష్టమేమి? ఇదియే నా విషయము. ఇది బడిపిల్లల వ్యాకరణము, సేద్యగాండ్ర కెందులకు అని మీలో కొందరనుకొనవచ్చును. కాని మీరు దస్తావేజులో నాలుగు దిక్కుల చెక్కుబందీ వ్రాయించుకొనునప్పుడు వాడు పేర్లలో నూటికి తొంబది జంటమాటలే. ఏటిగట్టు, చెరువుకట్ట, మర్రికుంట, బండిబాట, పాతబావి చేను. వీని అర్థము తారుమారైనచో కోర్టు ఖర్చులు వ్యాకరణ పండితుడు పెట్టుకొనడు గదా.

ముందుగా మన ఊరి పేరునే విప్పి చూతము. రాయదుర్గము. దీనిని విన్న పైయూరి వారు కొందరు, కొండమీది బండలను చూచి, ఇది రాయి కట్టిన దుర్గము కాబోలు, అందుచేత రాయదుర్గమని పేరు వచ్చెనని తలచుట కలదు. తెలుగు నుడి తెలిసినవారు ఈ మాట ఒప్పుకొనరు. ఏలయన 'రాయి' అను మాట మరియొక మాటకు ముందు నిలిచినప్పుడు 'రాతి' అగును. రాతిగోడ, రాతిబండ, రాతికట్టడము అందుము గాని రాయగోడ, రాయబండ అనము. కావున ఇది రాతిదుర్గము కాదు, రాయల దుర్గము. విజయనగర ప్రభువులు పంపిన భూపతిరాయడు ఇచ్చటి బోయదొరలను అణచి కొండను పట్టుకొనెననియు, అందువలన ఆ కొండకు భూపతిరాయకొండ యని పేరు కలిగెననియు చెప్పుదురు. చరిత్ర పుస్తకము చేతలేకున్నను ఒక్క 'తి' అను అక్షరము లేకపోవుట చేతనే ఇంతవరకు తేల్చవచ్చును. అతుకు సాక్ష్యము చెప్పుట యనగా ఇదియే.

ఇచ్చట ఒక్కసారి సముద్రము దాటి పోవుదము. నెదర్లాండ్సు అను దేశము కలదు. మన పెద్దలు ఆ దేశస్థులను వలందులు, డచ్చివారు అని పిలిచెడివారు. ఆ దేశములో 'సెర్తోఖెన్‌బోస్' అని ఒక నగరము. ఆ పేరునకు ప్రభువుగారి అడవి యని అర్థము. మనది రాయల దుర్గమైనట్లే వారిది దొరవారి అడవి. కూర్పు ఒక్కటియే: ముందు యజమాని, వెనుక వస్తువు. మరి యామ్‌స్టర్‌డామ్ అనగా ఆమ్‌స్టెల్ అను ఏటిమీది కట్ట. రాటర్‌డామ్ అనగా రాటె యను ఏటిమీది కట్ట. మనకు వేదవతిమీద, అనగా హగరిమీద, భైరవానితిప్ప కట్ట యున్నట్లు వారికి ఈ కట్టలు. ఆ రెండు కట్టలు రెండు మహానగరములైనవి. వారికి నీరెక్కువయై కట్టలు కట్టుకొనిరి, మనకు నీరు తక్కువయై కట్టుకొంటిమి. పేరుపెట్టుటలో మాత్రము తేడా లేదు.

వలందులకును మనకును సంబంధమేమి యని యడుగుదురేమో. వారు 1605లో మచిలీపట్నమున వర్తకశాల పెట్టిరి. 1610లో పులికాటునకు వచ్చిరి. పాలకొల్లు, భీమునిపట్నము మొదలగు చోట్ల వ్యాపారము చేసి, 1825లో తమ తావులను ఆంగ్లేయులకు అప్పగించి పోయిరి. మచిలీపట్నములో నేటికిని వలందపాలెమను పేట కలదు. వారి మాటలు కొన్ని మనలో నిలిచిపోయినవి. మీ రచ్చబండమీద పేకాడువారు ఆఠీను, కళావరు అని పిలుచు ముక్కలను డచ్చివారు హార్టెన్, క్లావెరెన్ అందురు. పోలిక చూడుడు. మరియొక మాట యున్నది, రేడియోలో చెప్పుటకు కొంచెము సంకోచము కలుగుచున్నది గాని చెప్పక తప్పదు. అది కక్కూసు. డచ్చిలో 'కక్' అనగా మలము, 'హయిస్' అనగా ఇల్లు. ఆ దేశపు కొన్ని మాండలికములలో ఇంటిని 'హూస్' అనియే పలుకుదురు. కక్‌హూస్ మన నోట కక్కూసు అయినది. 'హ' కారము జారిపోయి, ఆ లోటు పూరించుటకు 'క' కారము జంటయై, కడపట మన భాషకు సహజమైన అచ్చు వచ్చి చేరినది. ఒక డచ్చి జంటమాట ఇట్లు తెలుగు పల్లెలలో కాపురము పెట్టినది. దానిలో ఇల్లు దాగియున్నదని పలుకువారిలో ఎవరికిని తెలియదు. అతుకు కనబడకుండ పోయిన జంటమాటకు ఇంతకంటె మంచి ఉదాహరణము నాకు దొరకలేదు, క్షమింపుడు.

డచ్చివారు జంటమాటను గుర్తించు తీరు వేరు. వారు రెండు మాటలను కలిపినప్పుడు మొదటి మాటమీద గొంతు గట్టిగా ఊనుదురు. దీనిని ఊనిక అందము. వారి భాషలో నీటికి 'వాటెర్' అనియు, బావికి 'పుట్' అనియు పేర్లు. 'వాటెర్‌పుట్' అని మొదటి భాగమును ఊని పలికినచో అది నీటిబావి. త్రిప్పి 'పుట్‌వాటెర్' అని 'పుట్' మీద ఊనినచో అది బావినీరు. మన భాషలోను ఇంతే: నీటిబావి యనిన బావి, బావినీరనిన నీరు. చివరి మాటయే అసలు వస్తువు, ముందు మాట దాని గుణమో, చోటో, పనియో చెప్పును. ఇంగ్లీషు, జర్మను భాషలలోను జంటమాటలు సామాన్యముగా ఇట్లే యుండును. అయితే డచ్చి ఊళ్ల పేర్లలో ఒక చిత్రమున్నది. యామ్‌స్టర్‌డామ్, రాటర్‌డామ్, సెర్తోఖెన్‌బోస్ వీనిలో ఊనిక మొదట గాక చివరి మాటమీద పడును. మామూలు జంటమాటలకును ఊళ్ల పేర్లకును చెవితోనే భేదము తెలిసిపోవును. ఆ దేశపు పిల్లవానికి ఎవరును నేర్పనక్కరలేదు.

మనకు ఈ ఊనిక లేదు. ఉన్నను అది కోపముచేతనో, నొక్కిచెప్పుటకో వచ్చునదే గాని అర్థమును మార్చునది కాదు. తెలుగువాని చెవి బరువును గాక కాలమును కొలుచును. హ్రస్వమున కొక మాత్ర, దీర్ఘమునకు రెండు మాత్రలు, ఒత్తక్షరమునకు ముందున్న అక్షరమునకు రెండు. పద్యము వినిన వారికి దీనిని వేరుగ చెప్పనక్కరలేదు. మన జంటమాట తన్ను తాను తెలుపుకొనుట కూడ ఈ మార్గముననే. గొంతు హెచ్చించుట చేత గాక, అతుకు దగ్గర అక్షరము మారుట చేత.

తల్లి, తండ్రి అను రెండు మాటలు తీసికొనుడు. వీనిని కలిపి 'తల్లిదండ్రులు' అనినచో ఇద్దరును సమానముగ చేరిరి. 'త' కారము 'ద' కారమైనది. అట్లు మార్చక 'తల్లితండ్రి' అనినచో తల్లియొక్క తండ్రి, అనగా మాతామహుడు. ఒక్క అక్షరము కఠినముగ నిలిచెనా, మెత్తబడెనా యనుదానిమీద ఒక తరము తేడా వచ్చినది! 1858లో వెలువడిన బాలవ్యాకరణములో పరవస్తు చిన్నయసూరి గారు దీనికి సూత్రము చెప్పిరి. ద్వంద్వములో వెనుకమాట మొదటి క, చ, ట, త, ప లు వరుసగా గ, స, డ, ద, వ లగునని దాని సారము. కూరగాయలు, కాలుసేతులు, అన్నదమ్ములు, ఊరువల్లెలు ఇట్టివే. ఈ దినములలో ముద్రణములందు తల్లితండ్రులని విరివిగా కనబడుచున్నది. కొంపలు మునుగునంత తప్పు కాదు గాని, పాత వంశవృక్షములను వ్రాసి పెట్టుకొనువారు ఈ చోట జాగ్రత్త పడవలయును. తల్లితండ్రి ఆస్తికిని తల్లిదండ్రుల ఆస్తికిని హక్కుదారులు వేరు.

రెండవ గురుతు ముందుమాట రూపము మారుట. ఏరు ఏటి యగును, ఊరు ఊరి యగును, ఇల్లు ఇంటి, కన్ను కంటి, నీరు నీటి. గుఱ్ఱము గుఱ్ఱపు అగును, గనుకనే గుఱ్ఱపుబండి. డచ్చివారికిని ఇట్టి అతుకుబంక కొంత కలదు. ఊరికి వారు 'డార్ప్' అందురు. ఊరివారందరు కూడు ఇంటిని 'డార్ప్స్‌హయిస్' అందురు. నడుమ వచ్చిన ఆ 'స్' ఒకప్పటి షష్ఠీ ప్రత్యయము, మన 'ఊరి' లోని ఇకారము వంటిదే.

మూడవది నాకు మిక్కిలి ప్రియమైనది. మన సీమలో వేరుశనగను శనక్కాయ యందురు. శనగకాయ యను మాటలోని మాత్రలు లెక్కింపుడు: శ ఒకటి, న ఒకటి, గ ఒకటి, కా రెండు, య ఒకటి, మొత్తము ఆరు. శనక్కాయలో శ ఒకటి, ఒత్తునకు ముందున్న న రెండు, కా రెండు, య ఒకటి, మరల ఆరే. 'గ' లోని అచ్చు పోయెను గాని దాని కాలము పోలేదు, పొరుగు అక్షరము దానిని దాచిపెట్టినది. మునగకాయ మునక్కాయ యగుటయు ఇట్లే. అక్షరజ్ఞానము లేని అమ్మయు సంతలో శనక్కాయ అని కేకవేయునప్పుడు మాత్ర తప్పదు. మూడు లోకములు ముల్లోకములైనప్పుడు 'డు' పోయినది గాని, గురువైన 'మూ' స్థానమున గురువైన 'ముల్' నిలిచినది. మూడు కన్నుల దేవుడు ముక్కంటి యైనప్పుడును అంతే.

వేరుశనగ మాట వచ్చినది గనుక ఒక ముచ్చట. చివరి మాటయే అసలు వస్తువని యంటిని. వేరుశనగ నిజముగా శనగ కాదు, జాతి వేరు. అయినను నేలలో వేళ్లవద్ద కాచు శనగ వంటిదని పేరుపెట్టితిమి. డచ్చివారు బంగాళాదుంపను 'ఆర్డాపెల్' అందురు, నేల ఆపిలు పండని అర్థము. అది ఆపిలును కాదు, పండును కాదు. మన వేరుశనగ గింజలను నూరి చేసిన ముద్దను ఆంగ్లేయులు వేరుశనగ వెన్న యనగా, డచ్చివారు 'పిండకాస్' అందురు, అనగా వేరుశనగ జున్ను. వారి దేశములో వెన్న యను పేరు పాలవెన్నకే చెల్లునని చట్టముండుటచే జున్ను అని పిలిచిరని చెప్పుదురు. చట్టమునకు భయపడి వెన్న జున్నైనది! మన సీమలో ఇంతకు మించిన సాహసము జరిగినది. బ్రహ్మసముద్రము, బుక్కరాయసముద్రము అను పేర్లు చూడుడు. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రము పడు జిల్లాలో, ఒడ్డునుండి ఒడ్డు కనబడు చెరువును సముద్రమనిరి. ఎండిన నేలమీద నిలిచి నీటిని చూచినవాని కది సముద్రమే.

ఈ ప్రాంతమున కింకొక చిక్కు కలదు. రాయదుర్గము తాలూకా 1953 వరకు బళ్లారి జిల్లాలోనిది. ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన 1953 అక్టోబరు 1న అనంతపురములో చేరినది. మన నోట తెలుగు, కన్నడము రెండును ఆడును. హిరేహాళ్ అనునప్పుడు 'హిరే' అనగా పెద్ద యని కన్నడము తెలిసినవానికే తెలియును. గుంతకల్లు పేరు చివరనున్న కల్లు కన్నడమున రాయి. తెలుగు మాత్రమే యెరిగినవాడు దానిని ఏ కుండలో వెదకునో మీరే యూహింపుడు. ఒక భాషలో విప్పుకొను మూట మరియొక భాషలో ముడిపడి యుండును. పెనుకొండ సంగతి దీనికి ఎదురు. 'పెను' అనగా గొప్పదని తెలిసినవారు దానిని ఘనగిరి యని సంస్కృతీకరించిరి, అతుకును చక్కగా విప్పి మరల కట్టిరి.

రెండు మాటల వరకు బాధ తక్కువ. మూడు మాటలు చేరినప్పుడే అసలు చిక్కు. 'పాత బావి చేను' అని వ్రాసినచో అర్థమేమి? పాతబావి యున్న చేనా? లేక బావిచేను రెండుండగా అందులో పాతదియా? నోట చెప్పునప్పుడు భేదము తెలియును. 'పాతబావి' అని ఒక్క ఊపిరిలో పలికి కొంచెము నిలిచి 'చేను' అనినచో మొదటి యర్థము. 'పాత' అని నిలిచి 'బావిచేను' అనినచో రెండవది. ఊనిక లేని భాషలో ఈ నిలుపే మన ఆధారము. కాగితముమీద ఆ నిలుపునకు గురుతు ఎడము, అనగా మాటల నడుమ విడిచిన ఖాళీ. మూడు మాటలను సమానమైన ఎడములతో వ్రాసినచో ఆ గురుతు చెరిగినది.

ఈ వ్యాధి డచ్చివారికిని వచ్చినది. వారి భాషలో జంటమాటను ఎంత పొడుగైనను కలిపియే వ్రాయవలయును. ఇంగ్లీషు చూచి విడదీసి వ్రాయుట అలవాటగుచుండగా, వారు దానికి 'ఆంగ్లవ్యాధి' యని పేరుపెట్టిరి. వారి 'ఔదెమానెన్‌హయిస్' అను మాట కలిపినచో ముసలివారి ఇల్లు, అనగా వృద్ధులను పోషించు సత్రము. మొదటి మాటను విడదీసినచో పురుషుల కొరకైన పాత ఇల్లు. మన పాతబావి చేని చిక్కే ఇది. అతుకులోని ఒక్క అక్షరము కొరకు వారు పెద్ద రగడ చేసిరి. వారి అట్టుపేరు 'పనెకూక్' అని యుండగా, 1995 నాటి వ్రాత సంస్కరణము నడుమ ఒక నకారము చేర్చి 'పనెన్‌కూక్' అని వ్రాయవలయుననినది. కొందరు పత్రికలవారు ఆ నిబంధనలు మాకు వలదని 2006లో వేరుగ ఒక పద్ధతి పెట్టుకొనిరి. మన అట్టు దోసెల పేర్లమీద ఇంత పట్టుదల మనకు లేదు, అది మంచికో చెడుకో నేను చెప్పజాలను.

ఈ సంగతి మన పొలములకు ఎట్లు తగులునో వినుడు. 1800లో ఈ సీమ ఆంగ్లేయుల చేతికి రాగా, సర్ తామస్ మన్రో గారు 1807 వరకు ఇచ్చట ముఖ్య కలెక్టరుగ నుండి పొలములను కొలిపించిరి. అప్పటినుండి పొలమునకు నంబరు వచ్చినది. పన్ను వసూలునకు నంబరు మంచిదే. కాని నంబరు నీటిమాట చెప్పదు. ఊటబావి చేను, మడుగుమీది మడి, ఇసుకవంక చేను అను పేర్లు చెప్పును. ఊటబావి యని పేరున్న చోట ఈనాడు బావి పూడి నేల చదునై యుండవచ్చును, ముత్తాత కాలమున నీరు ఊరిన మాట మాత్రము ఆ పేరులో నిలిచియున్నది. మనది కఠినమైన రాతినేల. నీరు బండల పగుళ్లలోనే దొరకును. బోరుబావి వేయించి అప్పులపాలైన కాపు ప్రతి యూరిలోను కలడు. పేరునుబట్టి బోరు వేయుడని నేననను, అది భూగర్భశాస్త్రజ్ఞుని పని. అయినను అట్టివానికి పాత పొలముపేరు ఒక జాడగ నుపయోగపడును, ఆ జాడ ఉచితముగ మన యొద్దనే యున్నది.

2020 డిసెంబరులో మన రాష్ట్రమున భూముల పునఃసర్వే మొదలుపెట్టబడినది. యంత్రములలో పేర్లు ఎక్కునప్పుడు పెక్కుసార్లు ఇంగ్లీషు అక్షరములలో ఎక్కుచున్నవి. ఆ అక్షరములకు ట కారమునకును త కారమునకును, డ కారమునకును ద కారమునకును భేదము లేదు. ఊటబావిని ఆ లిపిలో వ్రాసి మరల తెలుగులోనికి తెచ్చువాడు ఊతబావి యని చదువవచ్చును. మడి మది యగును. పంట పండు నేల మనస్సుగ మారిపోవును! మన రాయదుర్గమునే ఆంగ్లేయులు 'రాయడ్రగ్గు' అని వ్రాసిరి. వారి భాషలో ఆ చివరి ముక్కకు ఔషధమని అర్థము. దుర్గము మందైనది. ఊరు పెద్దది గనుక ఆ వ్రాత పేరును చెరుపలేకపోయినది. చిన్న పొలముపేరునకు అంత బలము లేదు, ఒకసారి తప్పు వ్రాత ఎక్కినచో దానిని తిద్దువాడుండడు.

కావున మీ యూరిలో ఒక పని చేయవచ్చును. ఇంట పిల్లలు వాడి విడిచిన నోటుబుక్కు ఒకటి చాలును. పొలముపేర్లు తెలిసిన ముసలివారిని, పశువులు కాచినవారిని, కూలికి పోయిన ఆడవారిని అడిగి వ్రాయుడు. మగవారు తమ పొలముల పేర్లే చెప్పుదురు, కలుపు తీయ పోయిన ఆడవారికి అందరి పొలముల పేర్లును తెలియును. వారు పలికినది పలికినట్లు తెలుగు లిపిలోనే వ్రాయుడు, గ్రంథస్థముగ దిద్దవలదు. శనక్కాయ యనినచో శనగకాయ యని మార్చవలదు. ఒక్క ఊపిరిలో పలికిన దానిని కలిపి వ్రాయుడు, నిలిచిన చోట ఎడము విడువుడు. ప్రక్కన సర్వే నంబరు వేయుడు. ఆ పేరెట్లు వచ్చినదని చెప్పినచో అదియు ఒక పంక్తి వ్రాయుడు. ఒకే చేనికి ఇద్దరు రెండు పేర్లు చెప్పినచో రెండును ఉంచుడు, తగవు తీర్చవలదు. కన్నడపు పేరు వచ్చినచో కన్నడము తెలిసినవానిని పిలిచి ముందుమాట అర్థమడుగుడు. పుస్తకము నిండిన పిమ్మట ఒక ప్రతి పంచాయతీ కార్యాలయములోను, ఒక ప్రతి బడిలోను ఉంచుడు. ఇక చెక్కుబందీ వ్రాయించునప్పుడు వ్రాతగాని యెదుట కూర్చుండి, అతడు వ్రాసినదానిని బిగ్గరగా చదివింపుడు. పాతబావి తరువాత అతడు నిలిచెనా, పాత యనిన వెంటనే నిలిచెనా యని వినుడు. తప్పు చోట నిలిచినచో సంతకము పెట్టకముందే దిద్దింపుడు.